తెల్లదోమపై కందిరీగ: గాజుగృహములలో పురుగుల అదుపు

గాజు పలకల క్రింద గాని, ప్లాస్టిక్ పొర క్రింద గాని పెంచు పంటకు గాలివాన భయము లేదు, వడగండ్ల భయము లేదు. చలి దేశములలో బయట మంచు కురియుచుండగా లోపల టొమాటోలు పండుట ఈ ఏర్పాటు వలననే సాధ్యమగుచున్నది. కాని మొక్కకు హాయిగా నుండు చోటు పురుగుకు కూడ హాయిగానే యుండును. వెచ్చదనము ఏడాది పొడుగున నుండును. ఆహారము వరుసలు తీరి, ఒకే రకపు మొక్కలుగా ఎదుట నిలిచి యుండును. పురుగులను కడిగివేయు వాన లేదు, ఏరుకొని తిను పిట్ట లేదు, అక్షింతల పురుగు లేదు. గాజు గోడ శత్రువును పూర్తిగా ఆపలేకపోవుచున్నది గాని, ఆ శత్రువు యొక్క శత్రువులను మాత్రము చక్కగా ఆపుచున్నది. తలుపు సందున దూరిన నాలుగు తెల్లదోమలు రెండు మూడు నెలలలో తోటనంతను కమ్ముకొనుటకు ఇదియే కారణము.

తెల్లదోమ పేరునకే దోమ. అది పేనుబంకకు, పిండినల్లికి చుట్టము. ఆకు అడుగున గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల కొన్ని గంటలు మాత్రము అటునిటు ప్రాకి, నచ్చిన చోట తన సూదివంటి నోటిని ఆకులో దింపి అక్కడనే స్థిరపడును. ఇక రెక్కలు వచ్చువరకు కదలదు. చదునుగా, పారదర్శకముగా ఆకున కంటుకొని యుండు ఈ దశను పొలుసు అందురు. అది పీల్చు రసములో చక్కెర మిక్కిలిగను, మాంసకృత్తుల కవసరమగు పదార్థములు తక్కువగను ఉండును. కావున చాలినంత పోషణ కొరకు ఎంతో రసమును పీల్చి, మిగిలిన చక్కెరను తీయని జిగురుగా విసర్జించును. ఆ జిగురుపై నల్లని మసివంటి బూజు పెరిగి ఆకునకు వెలుతురు అందనీయదు, కాయను మురికి చేయును. తెల్లదోమలలో కొన్ని జాతులు వైరసులను కూడ మోసికొనివచ్చును. టొమాటోలో ఆకుముడతను, బెండలో పల్లాకు తెగులును ఎరిగిన తెలుగు రైతుకు ఈ సంగతి కొత్త కాదు.

ఇంగ్లండులో లండను నగరమునకు ఉత్తరముగా నున్న హెర్ట్‌ఫర్డ్‌షైర్ ప్రాంతమున గాజుగృహములు విస్తారముగా నుండెడివి. అక్కడి టొమాటో తోటలకు 1920 తరువాతి సంవత్సరములలో తెల్లదోమ పెద్ద పీడగా నుండెను. హైడ్రోసయానిక్ ఆమ్లపు వాయువును పట్టించుట నాటి చికిత్స. అది పురుగును చంపును. ఏమరుపాటున నున్న మనిషినీ చంపును. ఇట్లుండగా 1926లో ఎల్‌స్ట్రీ అను ఊరి తోటమాలి యొకడు ఆకుల అడుగున మామూలు తెల్లని పొలుసుల నడుమ కొన్ని నల్లని పొలుసులు ఉండుట చూచెను. చూచి ఊరకుండక, ఆ ఆకులను దగ్గరలోని చెష్హంట్ పరిశోధన కేంద్రమునకు పంపెను. అక్కడి కీటక శాస్త్రజ్ఞుడు ఇ. ఆర్. స్పేయర్ ఆ నల్లని పొలుసులను అట్టే యుంచి కనిపెట్టగా, వాని నుండి తెల్లదోమలకు బదులు మిక్కిలి చిన్న కందిరీగలు వెలువడెను.

ఆ కందిరీగ పేరు ఎన్‌కార్సియా ఫార్మోజా. ఫార్మోజా అనగా లాటిను భాషలో అందమైనది. పొడవు ఒక మిల్లీమీటరులో సుమారు ఆరు పదవ వంతులు. తల, రొమ్ము నలుపు, పొట్ట పసుపు. కందిరీగ అనగానే కుట్టునేమోయని భయపడ నక్కరలేదు, దీని ముల్లు మనుష్యుని చర్మమున దిగునది కాదు. ఆడ ఈగ ఆకుపై నడచుచు, తన మీసములతో పొలుసును తట్టి చూచును. ఆ పొలుసు తగిన వయసుదా, అందులో ఇదివరకే మరియొక కందిరీగ గ్రుడ్డు పెట్టినదా యని అది గ్రహింపగలదు. తగినదని తోచినచో ముల్లును గ్రుచ్చి లోపల ఒక గ్రుడ్డును విడుచును. గ్రుడ్డు నుండి వచ్చిన పిల్ల తెల్లదోమ పిల్లను లోపలినుండి తినుచు పెరుగును. పది పన్నెండు దినములకు పొలుసు నల్లబడును. మరి కొన్ని దినములకు కందిరీగ దాని పైభాగమున గుండ్రని రంధ్రము కొరికి బయటకు వచ్చును. కొన్ని పొలుసులలో గ్రుడ్డు పెట్టక, గ్రుచ్చిన గాయమునుండి కారు రసమును త్రాగును. అట్టి పొలుసు కూడ చచ్చును. ఆ విధముగా రైతునకు రెండు విధముల లాభము.

ఈ జాతిలో మగవి మిక్కిలి అరుదు. ఆడవి మగదాని అవసరము లేకయే ఆడ సంతతిని కనుచుండును. ఈ వింతకు కారణము వోల్బాకియా అను బాక్టీరియా. అది కందిరీగ కణములలో నివసించుచు తల్లినుండి గ్రుడ్డు ద్వారా పిల్లకు సంక్రమించును. కందిరీగలకు యాంటిబయాటిక్ మందు ఇచ్చి ఆ బాక్టీరియాను చంపినచో మగపిల్లలు పుట్టుట శాస్త్రజ్ఞులు చూచిరి. తోటలకు పంపునపుడు ఇది ఎంతో సౌకర్యము: పంపినదంతయు పని చేయు ఆడ ఈగలే.

చెష్హంట్ కేంద్రము ఈ కందిరీగలను పెంచి తోటమాలులకు పంచసాగెను. కొద్ది సంవత్సరములలోనే ఏడాదికి సుమారు 15 లక్షల ఈగలు దాదాపు 800 తోటలకు చేరుచుండెను. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండులకు కూడ ఓడలలో పంపిరి. అంతలో రెండవ ప్రపంచ యుద్ధము ముగిసి డి.డి.టి. తోటలలోనికి వచ్చెను. ఒక్క పిచికారితో తెల్లదోమ మాయమగుచుండగా, నెలల తరబడి కందిరీగల కొరకు కనిపెట్టుకొని యుండువాడెవడు? 1949లో పంపకము ఆగిపోయెను.

ఆ సుఖము ఎక్కువ కాలము నిలువలేదు. ఎందుచేత నిలువలేదో గాజుగృహములో తెలిసినంత స్పష్టముగా మరెక్కడను తెలియదు. పదివేల ఎర్రనల్లులపై మందు చల్లగా, పుట్టుకచే మందును తట్టుకొను గుణమున్న అయిదు మాత్రము మిగిలినవనుకొనుడు. ఆరుబయలు పొలములో నయినచో ప్రక్క చేలనుండి ఆ గుణము లేని నల్లులు వచ్చి ఈ అయిదింటితో కలియును. తట్టుకొను గుణము పలుచబడును. మూసిన గదిలో అట్లు వచ్చునవి లేవు. అయిదింటి సంతతియే గదినంతను నింపును. వెచ్చని లోపల నల్లికి ఒక తరము రెండు వారములలో ముగియును గనుక, బయట ఎన్నో ఏండ్లు పట్టు మార్పు ఇక్కడ ఒకటి రెండు ఏండ్లలోనే జరిగిపోవును. 1950 ప్రాంతమున అమెరికాలోని గాజుగృహ గులాబీ తోటలలో ఎర్రనల్లి పారాథయాన్ వంటి తీవ్ర విషమునకు కూడ లొంగక పోవుట రైతులను దిగ్భ్రమలో ముంచెను. పైగా ఆ మందు నల్లిని తిను ప్రాణులన్నిటిని చంపివేసినది. మందు కొట్టిన కొలది నల్లి పెరుగుచున్నదని రైతులు మొరపెట్టుకొనుటలో అబద్ధము లేదు.

ఎర్రనల్లి కీటకము కాదు. దానికి ఎనిమిది కాళ్లు. సాలెపురుగులకు దగ్గరి జాతి. దానికి విరుగుడు కూడ మరియొక నల్లియే అయినది, అదియు వెదకకయే దొరకినది. చిలీ దేశమునుండి జర్మనీకి తెచ్చిన ఆర్కిడ్ మొక్కలపై, ఎర్రని నునుపైన నల్లి యొకటి మామూలు ఎర్రనల్లులను తినుచుండుట 1958లో డాసె అను శాస్త్రజ్ఞుడు గమనించెను. దాని పేరు ఫైటోసీయులస్ పెర్సిమిలిస్. ఇది దినమునకు అయిదు పెద్ద నల్లులను గాని, ఇరువది పిల్లలను, గ్రుడ్లను గాని తినగలదు. 20 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఇది తొమ్మిది దినములకు పెద్దదగును. ఎర్రనల్లికి దాదాపు రెట్టింపు కాలము పట్టును. తినువాని తరములు తినబడువాని తరములకన్న వేగముగా సాగుచున్నపుడు గెలుపెవరిదో చెప్ప నక్కరలేదు. దేశదేశముల మొక్కల వ్యాపారము పురుగులను ఊరూర పంచిపెట్టుచున్నదని అందరు నిందించుట కలదు. ఈ ఒక్కమారు అదే వ్యాపారము మందును కూడ మోసికొనివచ్చినది.

ఈ నల్లి జర్మనీ నుండి నెదర్లాండ్స్‌కు, ఇంగ్లండుకు చేరెను. నెదర్లాండ్స్‌లో యాన్ కొపర్ట్ అను దోస రైతునకు రసాయన మందులు ఒంటికి పడక బాధ కలుగుచుండెను. అతడు ఈ పరభక్షి నల్లిని తన తోటలో ప్రయోగించి, పిమ్మట దానిని పెంచి ఇతర రైతులకు అమ్ముటకు 1967లో ఒక సంస్థనే నెలకొల్పెను. మిత్రపురుగుల ఉత్పత్తి వ్యాపారముగా రూపొందుటకు ఇది ముఖ్యమైన మెట్టు.

ఆ దినములలోనే ఇంగ్లండులోని లిటిల్‌హాంప్టన్ గాజుగృహ పంటల పరిశోధన సంస్థలో హస్సే అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక విపరీతమైన ఉపాయము చెప్పిరి. దోస తోటలో ముందుగా రైతే స్వయముగా ఎర్రనల్లులను మొక్కమొక్కకు సమానముగా అంటించవలెను. కొన్ని దినముల పిమ్మట పరభక్షిని వదలవలెను. చేతులారా పంటకు తెగులు తెచ్చిపెట్టుకొనుటకు రైతులు జంకుట సహజమే. కాని ఇందులోని యుక్తి గట్టిది. నల్లి తానుగా వచ్చినపుడు ఒక మూల కుప్పగా నుండును, మరియొక మూల ఉండదు. పరభక్షి లేని చోట ఆకలితో చచ్చును, కుప్పగా నున్న చోట చాలదు. రెండింటిని లెక్క ప్రకారము తోటనిండ పరచినచో ఎన్ని వారములకు నల్లి తగ్గునో ముందుగా చెప్పవచ్చును. పురుగును సమూలముగా తుడిచివేయుట కాక, నష్టము చేయలేనంత తక్కువలో దానిని నిలుపుటయే ఈ పద్ధతి కోరునది. రైతునకు మింగుడు పడనిది ఇదియే: తోటలో అక్కడక్కడ పురుగు కనిపించుచున్నను మందు చల్లక ఓర్చుకొనవలెను.

ఆ ఓర్పును నేర్పినది శాస్త్రజ్ఞులకన్న ఎక్కువగా ఒక తేనెటీగ జాతియే యనవచ్చును. టొమాటో పూవులో పుప్పొడి గొట్టమువంటి కేసరములలో దాగి యుండును, ఊపినగాని రాలదు. ఆరుబయట గాలి ఊపును. గాజుగృహములో గాలి లేదు గనుక కూలీలు విద్యుత్తుతో కంపించు కర్రలు పట్టుకొని ప్రతి పూలగుత్తిని తాకుచు తిరుగవలసి యుండెను. బాంబస్ జాతికి చెందిన బొచ్చు తుమ్మెద పూవును పట్టుకొని రెక్కల కండరములను ఝుంకారముతో కంపింపజేసి పుప్పొడిని రాల్చుకొనును. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు. 1987 ప్రాంతమున బెల్జియమ్‌లో ఈ తుమ్మెదలను పెట్టెలలో పెంచి టొమాటో తోటలలో ఉంచుట ప్రారంభమైనది. కూలి ఖర్చు తగ్గెను, కాయ బాగుపడెను. ఇక విషము చల్లినచో తుమ్మెదలు చచ్చును. చచ్చినచో కాపు పోవును. అంతవరకు కందిరీగల నెరుగని తోటలు కూడ అప్పటినుండి వాని కొరకు వెదకుకొనినవి.

స్పెయిన్ దేశమున అల్మేరియా ప్రాంతపు కథ మరియొక విధమైనది. అక్కడ సముద్రతీరమున ముప్పది వేల హెక్టారులకు పైగా భూమి ప్లాస్టిక్ కప్పుల క్రింద నున్నది. ఐరోపా ప్రజలు చలికాలమున తిను కాయగూరలలో పెద్ద భాగము అక్కడిదే. 1983లో అమెరికానుండి నెదర్లాండ్స్‌కు వచ్చిన తామరపురుగు క్రమముగా అక్కడికిని చేరి, టొమాటో మచ్చల వడలు తెగులు వైరసును వెంట తెచ్చెను. రైతులు మందుపై మందు చల్లిరి. 2006 చివర జర్మనీలో స్పెయిన్ క్యాప్సికమ్ కాయలను పరీక్షింపగా, అనుమతి లేని ఐసోఫెన్‌ఫాస్-మెథైల్ అను పురుగుమందు బయటపడెను. కొనువారు వెనుకకు తగ్గిరి. ఒక ప్రాంతపు బ్రతుకుతెరువే ప్రమాదములో పడెను. అంతకు ముందు చాల కొద్ది భూమిలో మాత్రమే మిత్రపురుగుల నుపయోగించుచుండిన అల్మేరియా క్యాప్సికమ్ రైతులు, తరువాతి రెండు మూడు ఏండ్లలో దాదాపు అందరును ఆ మార్గమునకు వచ్చిరి.

అంత త్వరగా రాగలుగుటకు కారణము తగిన పనిముట్టు సిద్ధముగా నుండుటయే. ఇస్రాయెల్ ప్రాంతమున దొరకిన ఆంబ్లిసీయస్ స్విర్‌స్కీ అను నల్లి తెల్లదోమ గ్రుడ్లను, తామరపురుగు పిల్లలను రెండింటిని తినును. ఏదియు దొరకనపుడు పూల పుప్పొడితో బ్రతుకును. ఎర్రనల్లిని తిను పెర్సిమిలిస్ ఆహారము ముగియగానే చచ్చిపోవును. ఇది మాత్రము క్యాప్సికమ్ పూవులలో కాపురముండి శత్రువు కొరకు కనిపెట్టుకొని యుండును. వేడికి కూడ ఓర్చును. దీనికి తోడుగా ఓరియస్ అను చిన్న నల్లిపురుగు పూవులలోని పెద్ద తామరపురుగులను పీల్చి చంపును.

ఈ పనివారిని తోటలోనికి చేర్చు పద్ధతులు చూడ ముచ్చటగా నుండును. కందిరీగల నల్లని పొలుసులను అట్టముక్కలపై అంటించి కొమ్మలకు తగిలింతురు. పరభక్షి నల్లులను తవుడుతోను, వానికి ఆహారమగు పిండినల్లులతోను చిన్న కాగితపు సంచులలో నింపి మొక్కకొకటి వ్రేలాడదీయుదురు. సంచి వారముల తరబడి కొద్దికొద్దిగా నల్లులను విడుచుచుండును. పేనుబంకకు మరియొక ఏర్పాటు. బార్లీ గడ్డి కుండీలలో గడ్డిజాతులను మాత్రమే తిను పేనుబంకను పెంచి, దానిపై అఫిడియస్ అను కందిరీగను నిలుపుదురు. ఆ పేనుబంక దోసకు, మిరపకు అంటదు. కందిరీగ మాత్రము రెండింటినీ పట్టును. అవసరము వచ్చువరకు సొమ్ము దాచినట్లు కందిరీగలను దాచునది గనుక దీనిని బ్యాంకు మొక్క యందురు.

మొక్క స్వభావము కూడ లెక్కకు వచ్చును. టొమాటోపై చక్కగా పనిచేయు ఎన్‌కార్సియా దోసపై తడబడును. దోస ఆకు నిండ నూగు. ఆ నూగులో కందిరీగ నడక మందగించును, మీసములు తుడుచుకొనుటకే దానికి సమయము సరిపోవును. నెదర్లాండ్స్‌లో వాన్ లెంటరెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ నడక వేగమును కొలిచి, నూగు తక్కువగా నుండు దోస రకములను రూపొందించుట మేలని చూపెను. ఇక వాతావరణము చల్లబడి 18 డిగ్రీలకు దిగినచో కందిరీగ ఎగురుట మానును, తెల్లదోమ మాత్రము తన పని తాను చేసికొనిపోవును.

మిత్రపురుగులన్నియు సాధువులు కావు. టొమాటో కాయతొలిచే ట్యూటా పురుగు గ్రుడ్లను తిను నెసిడియోకోరిస్ అను నల్లి, ఆహారము తగ్గినచో టొమాటో కాండమునే గుచ్చి గోధుమరంగు వలయములు కలిగించును. పేనుబంకపై వదలుటకు ఐరోపాలో అమ్మిన హార్మోనియా అను ఆసియా అక్షింతల పురుగు బయటకు పోయి, స్థానిక జాతులను తినుచు వాని ఆహారమును దోచుకొనుచు విస్తరించెను. 2004లో ఇంగ్లండు చేరిన పిమ్మట అక్కడి రెండు చుక్కల అక్షింతల పురుగు బాగుగా తగ్గిపోయినది. చిలీకి తీసికొనిపోయిన ఐరోపా తుమ్మెద అక్కడి పెద్ద నారింజరంగు తుమ్మెదను అనేక ప్రాంతములలో కనబడకుండ చేసినది. ఒకమారు విడిచిన ప్రాణిని తిరిగి పిలుచుకొనుట ఎవరి తరమును కాదు. అందుచేతనే నేడు అనేక దేశములలో పరాయి జాతిని తెచ్చుటకు ముందు కఠినమైన పరీక్షలు కోరుచున్నారు.

హైదరాబాదు చుట్టుప్రక్కల పాలీహౌసులలో నేడు క్యాప్సికమ్, కీరదోస, జెర్బెరా పూలు పండించుచున్నారు. అక్కడి చిక్కు చలి కాదు, వేడి. ఎండకాలమున లోపలి వేడి 40 డిగ్రీలు దాటుట సాధారణము. అట్టి వేడిలో, పొడి గాలిలో పెర్సిమిలిస్ గ్రుడ్లు ఎండిపోవును. నెదర్లాండ్స్ పట్టికను ఇక్కడ ఉన్నదున్నట్లు అమలు చేయుట వ్యర్థము. తెల్లదోమ దూరకుండ సన్నని వల కట్టిన గాలి ఆడక వేడి ఇంకను పెరుగును. వల పలుచన చేసినచో పురుగు దూరును. ఈ రెంటి నడుమ సరిపుచ్చుకొనుటకు వలల వైశాల్యము పెంచుట, పైకప్పు ఎత్తు చేయుట, జంట తలుపులు పెట్టుట వంటి పనులు మందుకన్న ముందు చూడవలసినవి. పసుపుపచ్చని జిగురు అట్టలు తెల్లదోమను, నీలిరంగువి తామరపురుగును ఆకర్షించును. అవి పురుగును నిర్మూలింపవు గాని, రాకను తెలుపును. పరభక్షుల విషయమున మన ఉష్ణమునకు అలవాటు పడిన దేశీయ జాతులే నమ్మదగినవి. నియోసీయులస్ లాంజిస్పైనోసస్ అను నల్లి, బ్లాప్టోస్టెథస్ అను పురుగు ఎర్రనల్లిని బాగుగా తినునని బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వంటి చోట్ల జరిగిన పరిశోధనల వలన తేలినది.

ఎన్‌కార్సియా జాతి ఈగలను చూచుటకు పాలీహౌసు వరకు పోనక్కరలేదు. 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతమున కొబ్బరిపై కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరి తోటలకు కూడ వచ్చెను. దాని వెంటనే ఎన్‌కార్సియా గ్వాడెలూపే అను కందిరీగయు కనిపించినది. రసాయనములు చల్లి ఈ ఈగను చంపుకొనవద్దని శాస్త్రజ్ఞులు రైతులను కోరిరి. ఈ తెల్లదోమ జామ ఆకులకు కూడ పట్టును. విద్యార్థులు అట్టి జామ లేక కొబ్బరి ఆకు ముక్కను తెచ్చి, పదిరెట్లు పెద్దది చేసి చూపు భూతద్దముతో అడుగుభాగమును పరిశీలింపవచ్చును. తెల్లని మైనపు పొడిని మెత్తని కుంచెతో తుడిచినచో పొలుసులు బయటపడును. ఖాళీ పొలుసుల నెంచుకొనవలెను. తెల్లదోమ తానుగా వెలువడినచో పొలుసు వీపున ఇంగ్లీషు టీ అక్షరమువంటి చీలిక యుండును. కందిరీగ వెలువడినచో కంపాసుతో గీసినట్లు గుండ్రని రంధ్రముండును. నూరు ఖాళీ పొలుసులలో గుండ్రని రంధ్రము గలవి ఎన్నియో లెక్కించి, పదిహేను దినముల కొకమారు అదే చెట్టు ఆకులతో మరల లెక్కించి, ఆ అంకెలను గ్రాఫు కాగితముపై గుర్తించినచో కందిరీగ ముందంజ వేయుచున్నదో వెనుకబడుచున్నదో తెలియును.